పత్తి కాయలో పాగా వేసిన గులాబీ పురుగు

గుజరాత్‌లోని భరూచ్ పత్తి క్షేత్రాల నుంచి అందిన నమూనాలను పరిశీలించి, సాండర్స్ అనే ఆంగ్ల కీటక శాస్త్రజ్ఞుడు 1843లో ఒక చిన్న కీటకాన్ని తొలిసారిగా శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. అదే గులాబీ రంగు కాయతొలిచే పురుగు. జన్యుమార్పిడి విత్తనాలతో దాని పీడ విరగడైందని 2002 తర్వాత కొన్నేళ్లపాటు అందరూ భావించారు. కాని అదే గుజరాత్ నుంచి అది మళ్లీ విజృంభించి, నేడు దేశంలోని పత్తి రాష్ట్రాలన్నింటినీ కలవరపెడుతున్నది.

బి.టి. పత్తికి కేంద్ర ప్రభుత్వం 2002 మార్చిలో అనుమతి ఇచ్చింది. ఒక జన్యువుతో కూడిన ఈ విత్తనాలను గులాబీ పురుగు తట్టుకుంటున్నదని, గుజరాత్‌లోని అమ్రేలి, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాలలో ఇది బయటపడిందని విత్తన సాంకేతికతను రూపొందించిన మోన్‌శాంటో కంపెనీయే 2010లో ప్రకటించింది. దానిపై వివాదం చెలరేగింది. రెండు జన్యువులు గల బోల్‌గార్డ్-2 అప్పటికే, అంటే 2006 నుంచే, మార్కెట్‌లో ఉన్నందున ప్రమాదం లేదని పలువురు సరిపెట్టుకున్నారు. అయితే 2014, 2015 నాటికి బోల్‌గార్డ్-2 కాయలలో సైతం పురుగు సజీవంగా కనిపించింది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థకు అప్పట్లో డైరెక్టర్‌గా ఉన్న కీటక శాస్త్రజ్ఞుడు డాక్టర్ కేశవ్ క్రాంతి ఈ ముప్పును గురించి బాహాటంగా హెచ్చరించారు.

పత్తిని ఆశించే పురుగులలో దీనికే ఇంత త్వరగా నిరోధక శక్తి ఎందుకు వచ్చింది? శనగ పచ్చ పురుగు కంది, శనగ, టమాటా వంటి అనేక పైర్లపై బతుకుతుంది. బి.టి. విషం సోకని పురుగులు ఆ చేలల్లో పుట్టి, విషాన్ని తట్టుకున్న వాటితో జతకట్టడం వల్ల నిరోధక శక్తి పలచబడుతుంది. గులాబీ పురుగుకు పత్తి తప్ప మరో ఆధారం దాదాపు లేదు. దేశంలో పత్తి విస్తీర్ణం తొంభై శాతానికి పైగా బి.టి.యే అయినప్పుడు విషం సోకని పురుగులు ఎక్కడి నుంచి వస్తాయి?

అందుకే చేను చుట్టూ సాధారణ పత్తిని ఆశ్రయ పంటగా వేయాలని నిబంధన విధించారు. 450 గ్రాముల బి.టి. విత్తన సంచితో పాటు 120 గ్రాముల సాధారణ విత్తనాల పొట్లం ఇచ్చేవారు. పురుగు కోసం పంట వేయమంటే ఏ రైతు వేస్తాడు? అత్యధికులు ఆ పొట్లాన్ని పక్కన పడేశారు.

మరో లోపం హైబ్రిడ్ విత్తనంలోనే ఉన్నదని క్రాంతి విశ్లేషణ. మన దేశంలో బి.టి. జన్యువులను హైబ్రిడ్లలో ప్రవేశపెట్టారు. హైబ్రిడ్ మొక్కకు కాసిన కాయలో కొన్ని గింజలకు విషం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. గింజలే ఆహారంగా గల గులాబీ పురుగుకు ఇంతకంటే మంచి శిక్షణాలయం ఉండదు. విషాన్ని ఓ మోస్తరుగా తట్టుకోగల పురుగులు కాయలోనే బతికి సంతానాన్ని పెంచుకుంటాయి. పైగా ఈ హైబ్రిడ్లలో అనేకం దీర్ఘకాలికాలు. చలికాలం దాటినా చేలో కాయ నిలిచి ఉండడంతో పురుగుకు ఆహారం కరవు కాదు.

గుడ్డు నుంచి వెలువడిన పిల్ల పురుగు కొద్ది వ్యవధిలోనే కాయలోకి చొచ్చుకుపోతుంది. అది వెళ్లిన రంధ్రం పూడుకుపోతుంది. ఆ తర్వాత ఎంత మందు కొట్టినా లోపలి పురుగుకు తగలదు. పైకి ఆరోగ్యంగా కనిపించిన కాయ పగిలినప్పుడే గుడ్డి పత్తి బయటపడి రైతు గుండె చెరువవుతుంది. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పురుగు మందులు పిచికారి చేస్తూ విషప్రభావానికి లోనై సుమారు ఇరవై మంది మరణించిన ఉదంతం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఉత్తరాదిన 2021లో పంజాబ్‌లోని భటిండా ప్రాంతంలో ఈ పురుగు పంటను దెబ్బతీసింది. ఆ రాష్ట్రంలో పత్తి విస్తీర్ణం 2024 నాటికి లక్ష హెక్టార్ల దరిదాపులకు కుదించుకుపోయింది.

క్రాంతి 2017లో వాషింగ్టన్‌లోని అంతర్జాతీయ పత్తి సలహా సంఘంలో చేరారు. వరంగల్ జిల్లా గ్రామాలలో ఏళ్ల తరబడి పరిశీలన జరిపిన అమెరికా మానవ శాస్త్రజ్ఞుడు గ్లెన్ స్టోన్‌తో కలసి ఆయన 2020లో ఒక పరిశోధనా పత్రాన్ని ప్రచురించారు. పత్తి రైతు పురుగు మందులపై పెడుతున్న ఖర్చు బి.టి. రాక పూర్వం కంటే పెరిగిందని, దిగుబడుల పెరుగుదలకు ఎరువుల వాడకం వంటి ఇతర కారణాలు ప్రధానమని వారు తేల్చారు. ఈ నిర్ధారణతో ఏకీభవించని వారూ ఉన్నారు.

ఇదిలా ఉండగా, ఇదే పురుగును ఇతర దేశాలు అదుపు చేయగలిగాయి. అమెరికా మొదట ఆశ్రయ పంటను కచ్చితంగా అమలు జరిపి, 2006 నుంచి వంధ్యీకరించిన రెక్కల పురుగులను విమానాల ద్వారా వదలి, 2018లో తమ పత్తి ప్రాంతాలలో దానిని నిర్మూలించినట్లు ప్రకటించింది. చైనాలోని యాంగ్జీ లోయ రైతులు హైబ్రిడ్ల రెండవ తరం విత్తనాలు నాటగా, మొక్కలలో నాలుగో వంతు విషం లేనివి మొలిచి అనుకోకుండానే ఆశ్రయ పంటగా ఉపకరించాయి.

మన శాస్త్రజ్ఞులు చెబుతున్న నివారణ చర్యలు ఖరీదైనవి కావు. స్వల్పకాలిక రకాలు వేసి డిసెంబర్‌కల్లా పంట ముగించడం, కట్టెను చేలో నిలువ ఉంచకపోవడం, లింగాకర్షక బుట్టలు అమర్చి, బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితేనే మందు కొట్టడం వాటిలో ముఖ్యమైనవి. కాని నీటి వసతి ఉన్న రైతు చివరి ఏరుడు మీద ఆశతో ఫిబ్రవరి, మార్చి వరకు చేనును వదలడు. అప్పు తీర్చవలసింది ఆ కాసిని క్వింటాళ్లతోనే మరి. గింజలలో దాగిన పురుగులు పత్తితో పాటే జిన్నింగ్ మిల్లులకు చేరి, తొలకరి తర్వాత చుట్టుపక్కల చేలను వెతుక్కుంటూ బయలుదేరుతాయి.