వెలుగు చెప్పు సాక్ష్యము

పామిడి చెంత ఎండిన పెన్నలో అయస్కాంతమును ఈడ్చినచో నల్లని ఇనుపరజను దానికంటుకొనును. అంతమాత్రమున ఇసుకయెల్ల ఇనుమనవచ్చునా? ఇట్టి సందేహమే శాస్త్రజ్ఞులకును కలిగినది.

జింకు ఆక్సైడు ఒక అర్ధవాహకము. దాని శక్తి అంతరము సుమారు 3.3 ఎలక్ట్రాను వోల్టులు. కంటికగపడు వెలుగునకు అంత శక్తి లేదు గనుక దాని పలుచని పొర గాజువలె పారదర్శకము. అందు కొలదిగా కోబాల్టును చేర్చి అయస్కాంతగుణము రప్పింపవలెనని 2000 తరువాత పలువురు యత్నించిరి. గుణము కనబడినది. కాని అది పొరదా, లోపల దాగిన కోబాల్టు రేణువులదా? చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఒకే తలమున కంపించు వెలుగు అయస్కాంతక్షేత్రమందలి గాజుగుండ పోవునపుడు ఆ తలము కొంత తిరుగునని 1845లో ఫారడే కనుగొనెను. పొరయే అయస్కాంతమైనచో, శక్తి అంతరమునకు సరిపడు అతినీలలోహిత కాంతియందు ఈ భ్రమణము ప్రస్ఫుటముగా మారును. రేణువులదైనచో అట్టి మార్పు అచ్చట కానరాదు. ఈ పరీక్షవలన కొన్ని పొరల గుణము రేణువులదేయని తేలినది. తక్కినవానిని గూర్చి వాదము ఇంకను తెగలేదు.