ఆస్పత్రిలో అన్నయ్య

పిల్లలూ! పలాసలో మీ వీధిలోనే 16 ఏళ్ల అన్నయ్య ఒకడున్నాడనుకోండి. అతనికి నెత్తురు కాన్సరు వచ్చింది. వైద్యానికి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా కాన్సరు ఆస్పత్రికి వెళ్లాలి. ఒకసారి కాదు, రెండు మూడేళ్లపాటు మళ్లీ మళ్లీ రైలెక్కాలి.

మందు లేదేమోనని భయపడకండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యాన అమెరికాలో అమినోప్టెరిన్‌ తయారయింది. 1947లో సిడ్నీ ఫార్బర్‌ అనే డాక్టరు దాన్ని ఇలాంటి పిల్లలకే యిచ్చాడు. కొందరికి జబ్బు కొంతకాలం తగ్గింది. దానికి చెల్లెలివంటి మెథోట్రెక్సేటు నేటికీ వాడుకలో వుంది.

మందు దొరుకుతుంది సరే, ఆస్పత్రిలో స్నేహితుడు దొరకడు గదా! పసిపిల్లల వార్డులో బొమ్మల మధ్య పడుకోవాలంటే అన్నయ్యకు సిగ్గు. పెద్దల వార్డులో యీడైనవాడు వుండడు. అందుకే 1990లో లండనులోని మిడిల్‌సెక్స్‌ ఆస్పత్రిలో యీ వయసువారికి వేరే వార్డు తెరిచారు.

మందువల్ల జుట్టు రాలుతుంది. తరువాత మళ్లీ వస్తుంది. ఆ గుండు చూసి యెవరైనా నవ్వితే అతడిక గడప దాటడు. కాన్సరు అంటుకోదు, పక్కన కూర్చుని అన్నం తినవచ్చు. మీకు జలుబు చేస్తే మాత్రం వెళ్లకండి. మీ జలుబు అతనికి పెద్ద ప్రమాదం.

పెద్దలు జబ్బు పేరు దాస్తూంటారు. 16 ఏళ్లవాడు యెలాగూ పసిగట్టి, ఒంటరిగా భయపడతాడు. చెప్పటమే మేలని మాకు తోస్తుంది.

ఇవాళ బడిలో చేసిన లెక్కలు యెత్తి రాసి అతనికి పంపండి. టెక్కలి జట్టుతో ఆడిన క్రికెట్టులో యెవరు గెలిచారో కూడా రాయండి. ఓడిపోయినా సరే, రాయండి!