ఆస్తిలేని బ్యాట్‌మన్

1939లో పుట్టిన బ్యాట్‌మన్ వారసత్వపు కోట్లతో నేరస్థుల్ని వేటాడాడు. ఆ కోట్లు ఎవరి శ్రమ అన్నది ఆ కథలకు ముఖ్యం కాలేదు. 2024 అక్టోబరులో డి.సి. సంస్థ ‘అబ్సల్యూట్ బ్యాట్‌మన్’ పేర ఈ బొమ్మల కథను కొత్తగా మొదలుపెట్టింది. రచయిత స్కాట్ స్నైడర్. ఇందులో నాయకుడు ఆస్తిలేని ఇంజనీరు. హత్యకు గురైన తండ్రి బడిపంతులు. కోటీశ్వరుడు శత్రువైన జోకర్.

ఈ మార్పును నేను ఆహ్వానిస్తాను. నాయకుడి వర్గం మారితే శత్రువెవరో స్పష్టమవుతుంది. అయినా నగరాన్ని కాపాడే భారం ప్రధానంగా ఒక్కడి కండలదే. మా వరంగల్లు ప్రాంతం చెప్పుకునే సమ్మక్క కథలో కరువుకాలంలో కప్పం కట్టలేమన్నది కోయగూడెం. కాకతీయ సైన్యంతో తలపడిందీ ఆ గూడెమే. సమ్మక్క వాళ్లలో ఒకతె.

పిల్లల్ని ఈ పుస్తకాలు చదవొద్దనను. వీరుడు పోరాడుతుంటే జనం ఏం చేస్తున్నారని అడుగుతూ చదవమంటాను.