కన్నెర్ర చేస్తే రీఫండ్ వస్తుందా?

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వరుసపెట్టి రద్దయ్యాయి. 5వ తేదీన ఒక్కరోజే వెయ్యికి పైగా ఎగరలేదు. శంషాబాద్ సహా పెద్ద విమానాశ్రయాలన్నిటిలో జనం పెట్టెల పక్కన పడిగాపులు కాశారు. ఆ తర్వాతి తంతు మనకు అలవాటైనదే: మంత్రి హెచ్చరిక, షోకాజ్ నోటీసు, కంపెనీ క్షమాపణ, టీవీల్లో చర్చ. ఇలాంటివి చూసీ చూసీ కంపెనీల మీద ఫిర్యాదుల గురించి మనం కొన్ని నమ్మకాలు పెంచుకున్నాం. వాటిలో చాలా వరకు నిలబడేవి కావు.

అపోహ: మంత్రి గట్టిగా గద్దిస్తే కంపెనీ దారికొస్తుంది.

వాస్తవం: పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఆయన శాఖ టికెట్ ధరలకు పరిమితి పెట్టింది. ఆగిన రీఫండ్లు డిసెంబరు 7 రాత్రి 8 గంటల్లోగా చెల్లించాలంది. ఇవి పనికొచ్చిన చర్యలే, కాదనను. కానీ అదే వారంలో అదే ప్రభుత్వం, కంపెనీ సిద్ధపడక ఈ రద్దులకు దారితీసిన పైలట్ల రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి అదే కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా సడలింపు కూడా ఇచ్చింది. ఆ నిబంధనలేమీ రాత్రికి రాత్రి ఊడిపడలేదు, 2024 జనవరిలోనే ప్రకటించినవి. కంపెనీ సిద్ధంగా ఉందో లేదో ముందే చూసుకోవలసిన బాధ్యత ఎవరిది? గద్దింపు కెమెరాల ముందు జరిగింది, సడలింపు ఉత్తర్వుల్లో జరిగింది.

జరిమానా సంగతీ చూద్దాం. 2026 జనవరిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇండిగోకు 22.20 కోట్ల రూపాయలు వేసింది. వినడానికి పెద్ద మొత్తమే. 2024-25లో ఆ సంస్థ నికర లాభం 7,258 కోట్లు, అంటే రోజుకు దాదాపు 20 కోట్లు. ఒకరోజు లాభానికి కాస్త పైన పడిందన్నమాట. పైగా ఇలాంటి జరిమానా సర్కారు ఖజానాకు జమవుతుంది. విమానం రద్దై పెళ్లికి అందుకోలేని వాడికి అందులో పైసా రాదు.

అతనికి రావలసింది వేరే ఉంది. రద్దు సంగతి ముందుగా చెప్పకపోతే, కారణం కంపెనీ చేతిలోదే అయితే, ప్రయాణ నిడివిని బట్టి రూ.5,000 నుంచి రూ.10,000 దాకా పరిహారం ఇవ్వాలని డీజీసీఏ నిబంధన ఎప్పటినుంచో ఉంది. (బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపితే అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు.) డబ్బు వెనక్కి తీసుకోవాలా, మరో టికెట్‌కు జమగా ఉంచుకోవాలా అన్నది తేల్చుకోవలసింది ప్రయాణికుడే, కంపెనీ కాదు. ఏ పార్టీ మంత్రయినా సరే, ప్రయాణికులకు న్యాయం చేస్తామని ప్రకటించినప్పుడు అడగాల్సింది ఒక్కటే: ఉన్న రూలు అమలు కావడానికి మీ ప్రెస్‌మీట్ ఎందుకు కావలసి వచ్చింది?

అపోహ: కస్టమర్ కేర్‌లో అరిస్తేనే పని జరుగుతుంది.

వాస్తవం: ఫోన్ ఎత్తే మనిషి చాలాసార్లు ఆ కంపెనీ ఉద్యోగే కాదు. కాంట్రాక్టు తీసుకున్న మరో సంస్థలో షిఫ్టుల్లో పనిచేసే కుర్రాడో, అమ్మాయో. ఎన్ని కాల్స్ ఎంత త్వరగా ముగించారన్నది వాళ్ల పనితీరు లెక్కల్లో పెద్ద పద్దు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ పూజారి దగ్గర వరమే లేదు, దేవుడెక్కడుంటాడో ఆయనకూ తెలియదు.

కాబట్టి ఆ ఫోన్‌లో రాబట్టాల్సింది ఫిర్యాదు నంబరు, అంతే. తర్వాతి మెట్టు గ్రీవెన్స్ ఆఫీసర్. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థా ఆ అధికారి పేరు, వివరాలు తన సైట్‌లో పెట్టాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మెయిల్‌లో ఆ నిబంధనను ప్రస్తావిస్తే జవాబు స్వరం మారే అవకాశం ఎక్కువ.

అపోహ: ఎక్స్‌లో మంత్రినీ కంపెనీనీ ట్యాగ్ చేస్తే చాలు.

వాస్తవం: లక్ష మంది ఫాలోవర్లున్నవారికి చాలొచ్చు. మిగతావారికి 'డీఎం చేయండి' అనే తియ్యటి జవాబు వస్తుంది. ఇందులో ప్రమాదం కూడా ఉంది. మీ పోస్టు కింద కస్టమర్ కేర్ పేరుతో మొదట పలికేది మోసగాడే కావచ్చు. గూగుల్‌లో దొరికే హెల్ప్‌లైన్ నంబర్లలోనూ నకిలీలుంటాయి. ఓటీపీ చెప్పమన్నా, యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

అపోహ: ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కోతపడితే, తిరిగి రావడమే అదృష్టం.

వాస్తవం: ఇందులో అదృష్టానికి పనిలేదు. 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం లావాదేవీ జరిగాక 5 రోజుల్లోగా డబ్బు తిరిగి జమ చేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. అదీ మీరు అడక్కుండానే. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుమేమీ లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

అపోహ: 1915కి ఫోన్ చేస్తే కంపెనీకి శిక్ష పడుతుంది.

వాస్తవం: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులోనూ పలుకుతుంది, ఫిర్యాదును కంపెనీకి పంపుతుంది, కానీ ఆదేశించే అధికారం దానికి లేదు. అలాగని వదిలేయకండి. 2024 అక్టోబరులో ఓలా ఎలక్ట్రిక్‌కు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసిచ్చింది ఆ హెల్ప్‌లైన్‌లో పదివేలకు పైగా ఫిర్యాదులు పోగుపడ్డాకే.

అపోహ: కోర్టంటే లాయరు, ఖర్చు, కంపెనీ ఉన్న ఊరికి తిరగడం.

వాస్తవం: జిల్లా వినియోగదారుల కమిషన్‌లో లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే చోటో, పనిచేసే చోటో కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా సరే. టెలికాం కంపెనీల మీద ఇక్కడికి రాకూడదన్న వాదనను 2022లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సమస్య తలెత్తిన రెండేళ్లలోగా వేయాలన్నది మాత్రం మరిచిపోవద్దు.

లోపం లేదా అంటే ఉంది. వస్తువుకు పరీక్షలు అవసరంలేని కేసు 3 నెలల్లో తేలాలని చట్టంలో రాశారు, నిజంలో వాయిదాలు సాగుతూనే ఉంటాయి. అధ్యక్షుల, సభ్యుల కుర్చీలు ఖాళీగా ఉండటం ఒక పెద్ద కారణం. 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ ఖాళీల మీద కేసు చేపట్టాల్సి వచ్చింది. జిల్లా కమిషన్లలో నియామకాలు చేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. కంపెనీల మీద మీ ఎమ్మెల్యే ఈసారి మైకు ముందు నిప్పులు చెరిగితే చప్పట్లు కొట్టే ముందు, మన జిల్లా కమిషన్‌లో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో, ఎప్పట్లోగా నింపుతారో అడగండి.