వార్తల్లో పదం: యాంటీ ఐలాండింగ్

మిద్దె మీద సోలార్ ఉంటే తుపానులో కరెంటు పోయినా దిగులుండదనుకుంటాం. కానీ గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లేకుంటే ఇంటి కరెంటు లైన్లోకి పారి, తెగిన తీగ సరిచేసే లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. ఆ రక్షణ పేరే యాంటీ ఐలాండింగ్. లైన్ నుంచి ఇంటిని విడదీసి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటేనే చీకట్లో దీపం. కరువు నేల రాయలసీమకు ఇదెందుకంటారా? 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. 2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. ఖర్చెక్కువన్న మాట నిజమే, అయితే ఇల్లంతా నడపక్కర్లేదు. 10 వాట్ల బల్బులు రెండు, 30 వాట్ల ఫ్యాను పన్నెండు గంటలకు వాడేది 0.6 యూనిట్లే. మబ్బురోజు ప్యానెళ్లు అరకొరగానే ఇస్తాయి కాబట్టి, తుపాను కబురందగానే బ్యాటరీ నింపుకోవాలి. దాన్ని వరదనీరు అందని ఎత్తులో పెట్టాలి.