చందమామ వెనుక కొడవటిగంటి కలం

తెలుగునాట రెండు మూడు తరాల పిల్లలు మొట్టమొదట ఇష్టపడి చదువుకున్న వచనాన్ని తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు అన్న సంగతి ఆ పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేదాకా తెలియదు. 1952లో ‘చందమామ’లో చేరి, 1980 ఆగస్టు 17న కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపినా సంపాదకుడిగా ఆయన పేరు అందులో అచ్చు కాకపోవడమే అందుకు కారణం. ‘చదువు’ వంటి నవలలతో, వందలాది కథలతో, సైన్సు నుంచి సినిమా దాకా సాగిన వ్యాసాలతో ఆయన సంపాదించుకున్న కీర్తి ఒక ఎత్తయితే, సంతకం లేకుండా చేసిన ఈ పని మరొక ఎత్తు. పాఠకుల సంఖ్యను బట్టి చూసినా, వారి మనసుల్లో నిలిచిన కాలాన్ని బట్టి చూసినా ఈ రెండవదే పెద్దదని చెప్పవలసి ఉంటుంది.

‘చందమామ’ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. విజయా సంస్థ అధిపతులుగా సినీరంగంలో పేరు పొందిన బి. నాగిరెడ్డి, చక్రపాణి దానిని తెలుగులోనూ, ‘అంబులిమామ’ పేరుతో తమిళంలోనూ ఒకేసారి వెలువరించారు. పత్రిక ఎలా ఉండాలో తేల్చినవాడు చక్రపాణి. శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగు చేసిన ఈ తెనాలి మనిషికి, పిల్లల పత్రికను పెద్దలు కూడా లాక్కుని చదవాలన్న పట్టుదల ఉండేది. తెనాలిలోనే 1909లో పుట్టి, భౌతికశాస్త్రం చదివి, అప్పటికే పత్రికారంగంలో పనిచేసి ఉన్న కుటుంబరావు చేతికి ఆ ఊహ వచ్చాక దానికి ఒక స్థిరమైన భాష, ఒక నడక ఏర్పడ్డాయి.

ఆ భాష విలువ తెలియాలంటే నాటి బడిపుస్తకాల స్థితిని గుర్తు చేసుకోవాలి. పాతకాలపు కావ్య వ్యాకరణాన్ని అనుసరించి రాసే తెలుగును గ్రాంథికమని, చదువుకున్నవారు మాట్లాడుకునే మాటకు దగ్గరగా ఉండే తెలుగును వ్యావహారికమని అంటారు. వ్యావహారికం కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి 1940లో మరణించిన తరువాత కూడా పాఠ్యపుస్తకాలు గ్రాంథికాన్ని చాలాకాలం వదలలేదు. బడిలో కృతకమైన వాక్యాలతో కుస్తీ పట్టిన పిల్లవాడు ఇంటికొచ్చి ‘చందమామ’ తెరిస్తే, విశేషణాల బరువు లేకుండా, పని వెంట పనిగా, ఎవరు ఎక్కడికి వెళ్లారో ఏం చేశారో సూటిగా చెప్పే చిన్న చిన్న వాక్యాలు ఎదురయ్యేవి. పాఠకులు పంపిన కథలను కుటుంబరావు చాలావరకు తిరగరాసేవాడు కనుక, రాసినవారు ఎందరైనా చెప్పే గొంతు ఒక్కటే అనిపించేది. పిల్లలకు రాయడమంటే ముద్దుమాటలు పలకడమన్న అపోహ ఆ వచనం దరిదాపులకు రాలేదు.

మార్క్సిజాన్ని నమ్మిన హేతువాది, విప్లవ రచయితల సంఘం వ్యవస్థాపకుల్లో ఒకడు, నెలనెలా రాక్షసులను, మాంత్రికులను, పిశాచాలను పిల్లలకు ఎలా అందించాడన్న ప్రశ్న ఆనాడే వచ్చింది. కుటుంబరావు దీనికి స్పష్టమైన సమాధానమే ఇచ్చాడు. కథ ఎంత అవాస్తవమైనదైనా అందులో ధైర్యం, నిజాయితీ, స్నేహం, న్యాయం గెలిచి తృప్తి కలిగిస్తే అది పిల్లల మనసుకు మేలే చేస్తుందని ఆయన వాదించాడు. భక్తినో మత విశ్వాసాలనో ప్రచారం చేయడం కోసమే అల్లిన కథలను మాత్రం ఆయన మెచ్చలేదు. నీతిని ఉపదేశంగా రుద్దడమూ ఆయనకు ఇష్టం లేదు. ఎగిరే గుర్రాన్ని పిల్లలు నమ్మి చెడిపోతారని భయపడే పెద్దలకు పిల్లల తెలివి మీద ఉన్న గౌరవం కన్నా, ఈ నాస్తికుడికి ఉన్న గౌరవమే ఎక్కువ.

ఈ ఆలోచన అన్నిటికన్నా చక్కగా పండినది బేతాళ కథల్లో. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన ‘కథాసరిత్సాగరం’లో రాజు త్రివిక్రమసేనుడికి శవంలోని బేతాళుడు చెప్పే కథలు పాతికే ఉన్నాయి. అవి అయిపోయాక కూడా ‘చందమామ’ బేతాళ కథల శీర్షికను ఆపక, ధర్మసందేహానికి తావున్న కొత్త కథలను అదే చట్రంలో బిగించి దశాబ్దాల పాటు నడిపింది. ప్రతి కథ చివరా బేతాళుడి ప్రశ్నకూ రాజు జవాబుకూ మధ్య పాఠకుడికి ఒక్క క్షణం దొరుకుతుంది. తప్పు ఎవరిది, త్యాగం ఎవరిది అని పదేళ్ల పిల్లవాడు తనంతట తాను తేల్చుకుని, తరువాత రాజు మాటతో పోల్చి చూసుకుంటాడు. ఉపదేశం చేయకుండా వివేచన నేర్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి మన బాలసాహిత్యంలో మరొకటి లేదు. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే రాజును చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మ ఆ శీర్షికకు ముఖచిత్రమంత గుర్తు అయింది.

దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రాసిన జానపద ధారావాహికలు, చిత్రకారులు చిత్ర, వడ్డాది పాపయ్యల బొమ్మలు కూడా ఆ సంపాదకత్వపు నీడలోనే వెలిగాయి. హోమర్ ఇతిహాసాలు, అరేబియా కథలు, జాతక కథలు, సంస్కృత నాటకాలు, అన్నీ తెలుగు పల్లెలో పుట్టినంత సహజంగా ఆ పుటల్లోకి దిగాయి. దేశంలోని అనేక భాషల్లో వెలువడిన ‘చందమామ’లకు ప్రధానంగా తెలుగు ప్రతే మూలం కావడంతో, మరాఠీ పిల్లలూ ఒరియా పిల్లలూ కూడా తెలియకుండానే కుటుంబరావు కూర్చిన కథలు చదివారు.

ఇంతటి ప్రభావానికి మూల్యమూ ఉంది. ఆ వచనం కృష్ణా, గుంటూరు ప్రాంతాల శిష్టుల మాట మీద నిలిచినది. హైదరాబాదు పాతబస్తీలో, కంచన్‌బాగ్ వంటి చోట్ల తెలంగాణ తెలుగూ దక్కనీ ఉర్దూ కలిసి వినిపించే ఇళ్లలో పెరిగిన పిల్లలకు అది ఇంటి మాట కాదు, పుస్తకపు మాట. వాళ్ల పలుకుబడికి ఆ కథల్లో చోటు దక్కలేదు. పిల్లలు స్వయంగా రాయడానికి కూడా అక్కడ అవకాశం తక్కువ. ‘రేడియో అన్నయ్య’గా పేరొందిన న్యాయపతి రాఘవరావు, భార్య కామేశ్వరితో కలిసి 1945లో మద్రాసులో స్థాపించిన ‘బాల’ పత్రిక ఆ విషయంలో భిన్నమైనది. ముళ్లపూడి వెంకటరమణ, బాపు చిన్నతనంలోనే అందులో అచ్చయ్యారు. అటువంటి తలుపు ‘చందమామ’లో దాదాపుగా ఫోటో వ్యాఖ్యల పోటీ ఒక్కటే. రెండు ఫోటోలకు జతకుదిరే రెండు చిన్న వ్యాఖ్యలను కార్డు మీద రాసి పంపి, బహుమతి ప్రకటన కోసం పాఠకులు నెలల తరబడి ఎదురుచూసేవారు.