ఘనాల గంట కొట్టినంకనే మా నాయిన డప్పు ఇలువ తెలిసింది

నాకు చిన్నప్పటి సంది డప్పు కొట్టుడు వస్తది. మా నాయినకు ఇష్టం లేకున్నా చిన్నాయినల ఎంబడి తిరిగి నేర్సుకున్న. అసొంటిది ఘనా దేశంల ఒక ముసలాయన కాడికి నేర్సుకుందామని పోతే, మొదటి వారమంతా నన్ను డోలు ముట్టనియ్యలే. చేతుల ఇనుప గంట పెట్టి, "ముందు ఇది తప్పకుండ కొట్టు, మిగిలింది తర్వాత సూద్దాం" అన్నడు. ఇగ మనకు రానిది ఏముందని పోయిన నాకు మస్తు నామోషీ అనిపిచ్చింది. గా గంట నాకేం నేర్పిందో చెప్పుదామనే ఇది రాస్తున్న.

టెమాల కంపెనీ పని చేసే మా బావ ఉండబట్టి ఆరు వారాలు ఉండొచ్చిన. ఎల్లో ఫీవర్ టీకా కాగితం లేకుంటే ఆ దేశంలకు రానియ్యరు, అది ముందుగాలనే ఏయించుకోవాలె. రాజధాని అక్రా నుంచి ట్రోట్రో అనే షేరింగ్ వ్యాన్ ఎక్కి తూర్పుకు పోతే, సొగాకోపే కాడ వోల్టా నది దాటుతం. అటు ఎవే జనం ఊర్లు. నేనున్న ఊరు కేటా ఉప్పునీళ్ల సరస్సు ఒడ్డున ఉంటది.

గురువు కాడికి ఉత్త చేతులతోటి పోరు, ఒక జిన్ను సీస పట్టుకపోవాలె. ఆయన అండ్లకెల్లి కొంచెం భూమ్మీద వోసి, సచ్చిపోయిన పెద్దలను తలుసుకున్నడు. మనం సాక వోసినట్టే. అప్పటిదాంక పరాయి దేశమనిపిచ్చింది, అప్పటి సంది అనిపియ్యలే.

ఇగ వాళ్ల మేళం సంగతి. అండ్ల గాంకోగుయ్ అనే జంట గంట ఉంటది. పూసల వల అల్లిన సొరకాయ బుర్ర ఉంటది, దాన్ని అక్సాత్సే అంటరు. కాగాను, కిది, సోగో అని మూడు డోళ్లు. అందరికన్న పొడుగ్గ, కర్రలకు ఒరిగిచ్చి పెట్టేది అత్సిమెవు. పెద్ద వాయిద్యగాడు దాని మీద మాట ఇసురుతడు, కిది, సోగో జవాబు చెప్తయి. వాళ్ల ఎవే భాషల రాగం మారితే అర్థం మారుతది. అందుకనే డోలు దెబ్బ ఎక్కువ తక్కువ చేసి మాటలు పలికిస్తరు. దరువులు నేర్పేటప్పుడు గూడ ముందు నోటితోటి చెప్పిస్తరు.

గంట లెక్క మీరే సూడుండ్రి. స్టీలు ప్లేటు, చెంచ తీసుకోండ్రి. 1 నుంచి 12 దాంక ఒక్కతీరుగ లెక్కపెట్టుకుంట 1, 3, 5, 6, 8, 10, 12 కాడ కొట్టుండ్రి. ఆపకుండ మళ్ల 1కి రావాలె. వచ్చిందా? ఇప్పుడు కాలు 1, 4, 7, 10 కాడ ఎయ్యుండ్రి. 1 కాడ, 10 కాడ గంటా కాలూ కలుస్తయి. 4, 7 కాడ కాలు పడ్డప్పుడు గంట సప్పుడు చెయ్యది. అక్కడనే అందరం తప్పుతం. కాగాను సంగతి ఇంకోతీరు. ఒక్కో అడుగుకు మూడు లెక్కలుంటే, అడుగు పడ్డకాడ అది ఊకుంటది, తర్వాత రెండు కొడతది. విడిగ సూస్తే ఏదీ కష్టం కాదు. కలిసినప్పుడే పక్కోన్ని ఇనకుంట ఒక్క దెబ్బ గూడ సరిగ పడది. నేను ఇన్నేండ్లు నా డప్పు నేనే గట్టిగ కొట్టిన, పక్కోన్ని ఇన్నది తక్కువ. గంట పట్టినంక గది తెలిసింది.

అట్ల నేర్సుకుందామని పోయినోడిని నేను మొదటోన్ని కాదు. అమెరికా సంగీతకారుడు స్టీవ్ రైక్ 1970 సంవత్సరంల ఘనా యూనివర్సిటీకి పోయి ఎవే గురువు దగ్గర కూసున్నడు. మలేరియా వచ్చి ఐదు వారాలకే వాపస్ పోయినా, తర్వాత 'డ్రమ్మింగ్' అనే పెద్ద రచన చేసిండు. పరాయోళ్ల సప్పుడును నకలు కొట్టొద్దు, దాని కట్టుబడి అర్థం చేసుకోవాలె అనేది ఆయన మాట.

కానీ నన్ను కదిలిచ్చింది ఒక చావు. శనివారం ఊరంతా నల్లవి, ఎర్రవి బట్టలు కట్టుకొని వచ్చిండ్రు. అగ్బాడ్జా మేళం మొదలయింది. బడి సారు గంట కొడుతుండు, వ్యాన్ డ్రైవర్ సోగో మీద ఉన్నడు, నర్సమ్మ సొరబుర్ర ఊపుతుంది. పెద్ద వాయిద్యగానికి కుర్సీ ఏసి, మొదలు ఆయనకే తాగనీకె ఇచ్చిండ్రు. నేను ఒక పక్కకు పోయి ఏడ్సిన.

ఎందుకంటే మా ఊర్ల చావుకు డప్పు లేకుంటే పాడె లేవది. కానీ కొట్టినోనికి కుర్సీ ఉండది, పల్లెం ఎడంగ పెడ్తరు. నా తోటి సదువుకున్నోళ్లు ఒక్కనాడు డప్పు ముట్టి సూడలే. "ఈ పని నాతోనే పోనీ బిడ్డా" అని మా నాయిన అన్నది అందుకే. తోలు మీద దెబ్బ అక్కడా ఇక్కడా ఒక్కటే. దాని మీద కులం పెట్టింది మనం.

అట్లని ఆఫ్రికా అంతా మంచిగుందని చెప్తలేను. ఇంకా పడమటికి మాలి, సెనెగల్ దిక్కు పాడేటోళ్లు పుట్టుకతోటే ఒక తెగ. మిగిలినోళ్లు వాళ్లతోటి పెండ్లి సంబంధం కలుపుకోరు. రాజుల వంశంల పుట్టిన సలీఫ్ కేతా పాటగాడు అయితనంటే ఇంటోళ్లు ఒప్పుకోలే, పాడుడు మనోళ్ల పని కాదన్నరు. మన కథ వాళ్లకు గూడ తెలుసు.

ఇంకో మాట. ఘనా పండితుడు కె. ఎన్కేటియా (1921–2019) తన అకాన్ జనం చావు పాటలను జమ చేసి, 1955ల పుస్తకం తెచ్చిండు. తన ఊరోళ్ల ఏడుపు పాటలనే సదువు చేసిండు. మన చావు దరువును గట్ల రాసుకున్నోళ్లు మన ఊర్లళ్ల ఎందరున్నరు?

ఇంటికొచ్చిన మర్నాడు ఫోను రికార్డుల పెట్టి మా నాయిన ముంగట కూసున్న. "ఏ దరువుకు ఏం పేరు, ఎప్పుడు కొడ్తరు?" అని అడిగిన. ముందు నవ్విండు. తర్వాత సిర్ర, సిటికెన పుల్ల అందుకొని, ఒక్కోటి నోటితోటి చెప్పుకుంట కొట్టిండు. పదకొండు దరువులు. నాకు వచ్చినయి నాలుగే.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, మీ అందరి చేతుల ఫోన్లున్నయి. మీ వాడల డప్పు పట్టిన పెద్దమనిషి బతికుండంగనే పోయి కూసోండ్రి. ఏ కులమోళ్లయినా పోండ్రి. దరువు పేరు, సందర్భం, ఎవరి దగ్గర నేర్సిండో అడిగి రాసుకోండ్రి. ఆయన పేరు లేకుంట ఒక్క ముక్క గూడ నెట్ల పెట్టకుండ్రి. మీ ఇంట్ల చావుకు పిలిస్తే, ముందు కుర్సీ ఎయ్యుండ్రి.